ఒక్క చుక్క ఒలకని దప్పళం

కూర ఒలకబోసి కొంప ముంచినవాళ్ళని మీరు చూసే ఉంటారు. ఒక్క చుక్క కూడా ఒలకనియ్యకుండా కొంప ముంచినవాణ్ణి చూడాలనుంటే నన్ను చూడండి. చూసి కాస్త ఎడంగా జరిగి కూర్చోండి, మీకే మంచిది. ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయే ఘనకార్యంలో మా మేనత్త ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న పేరు, ఒక పెద్దింటి ఆదివారం భోజనం రెండూ ఒకే పూట నీళ్ళపాలయ్యాయి. నీళ్ళపాలు అన్నది మాటవరసకి అనడం లేదు, చదివితే మీకే తెలుస్తుంది.

ముందు అప్పటి నన్ను పరిచయం చేస్తాను, ముక్కు మూసుకోండి. పేరు అప్పలరాజు. జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగిన పాపానికి వీధిలో అందరూ ‘ఏపుల్’ అనేవారు. ఆ పండుకున్న గుణాలు ఒక్కటీ నాలో లేవు. పాలిటెక్నిక్‌లో ద్రవాల గురించిన పేపరు తప్పి, మళ్ళీ తప్పి, ఆఖరికి పేపరు దిద్దినాయన విసుగెత్తి గట్టెక్కించిన రకం. చదివింది హిందీ మీడియం. ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పడం ఫ్యాషన్ అనుకునేవాణ్ణి. ఇవన్నీ ఉన్నా చాలదన్నట్టు ఒక నల్ల కళ్ళజోడు కూడా ఉండేది.

మొదట ఒక డెలివరీ యాప్‌లో చేరాను. నా చేతికి అందిన పొట్లం ఏదైనా సరే, గమ్యం చేరేసరికి దాని రూపం మారిపోయేది. నూడుల్స్ మీద రైతా, రైతాలో గులాబ్‌జామూన్, గులాబ్‌జామూన్ పాకంలో బిల్లు. జనం ఇచ్చిన చుక్కల రేటింగ్ చూసి యాప్‌వాళ్ళే నాకు నమస్కారం పెట్టేశారు. అప్పుడు మా మేనత్త అప్పలనర్సమ్మ నా మీద జాలిపడింది. ఆవిడ జీవితంలో చేసిన పెద్ద తప్పు అదొక్కటే అని నా లెక్క.

అత్తది భాలుబాసా బస్తీ. ఇంటి వసారాలో రెండు పెద్ద పొయ్యిలు పెట్టుకుని కాంట్రాక్టు పనివాళ్ళకి, ఒంటరిగా ఉండే కుర్రాళ్ళకి క్యారేజీలు పంపేది. ఆవిడ చేతి దప్పళం తిన్నవాడు ఆ పూట ఇంక వేరే మాట మాట్లాడడు. గుమ్మడి, సొర, వంకాయ, మునగ, చిలగడదుంప అన్నీ చింతపండు పులుసులో మగ్గి, గరిటె నిలబడేంత చిక్కగా ఉండేది. ఆ క్యారేజీలన్నీ స్కూటీ మీద మోసే భాగ్యం నాది. పిచ్చోడి చేతిలో రాయి అంటారు, పిచ్చోడి చేతిలో రసం ఇంకా ప్రమాదం.

నేను చేరిన దగ్గర్నుంచీ చారు సంచిలోకి, సంచి నుంచి సీటు మీదికి, సీటు నుంచి నా ప్యాంటుకి ప్రయాణం చేసేది. అడుసు తొక్కనేల, సీటు కడగనేల అని మామ రోజూ గొణిగేవాడు, స్కూటీ ఆయనది మరి. ఒకరోజు సగం ఖాళీ అయిన చారు క్యారేజీ తిరిగొచ్చింది. అత్త దాన్ని ఎత్తి చూసింది, నన్ను దించి చూసింది.

“ఏటిరా ఇది?”

“అత్తా, రోడ్ ఖరాబ్ హై. మై క్యా కరూఁ?” అన్నాను కళ్ళజోడు తియ్యకుండానే.

“అందరికీ అదే రోడ్డు కదేటి? మరి నీకొక్కడికే ఎందుకు ఒలికిపోతంది?”

“డ్రైవింగ్ మే మై ఉస్తాద్ హూఁ. పూరే జంషెడ్‌పూర్ మే పూఛ్ లో,” అని ఊరంతా అడిగి చూసుకోమన్నాను.

అత్త ఒక్క నిట్టూర్పు విడిచింది. “నిండుకుండ తొణకదురా గుంటడా. సగం కుండలే ఇలాగ ఎగిరెగిరి పడతాయి,” అని లోపలికి వెళ్ళిపోయింది.

అయ్యా, మీరు తెలుగువాళ్ళు. ఆ మాట దేనికి అందో, ఎవర్ని అందో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ నా తెలుగు వసారా దాటి ఎప్పుడూ బయటికి వెళ్ళింది కాదు. సామెత అనేది ఒకటుంటుందని, దాన్ని ఒకరి నెత్తిన మొట్టడానికి వాడతారని నాకు తెలీదు. నేను ఆ గడపలో నిలబడి ఆ మాటని ముక్కముక్కగా ఆలోచించాను. నిండిన కుండ తొణకదు. సగం కుండ ఎగిరిపడుతుంది. అరె! అంతే కదా! నిండా ఉంటే లోపల కదలడానికి చోటేదీ? నన్ను అన్నిసార్లు తప్పించిన ఆ ద్రవాల పేపరు మొత్తం మా అత్త ఒక్క వాక్యంలో చెప్పేసింది అనుకున్నాను. చెంప మీద కొట్టిన దెబ్బని ముద్దు అనుకుని మురిసిపోయిన మొదటి మేనల్లుణ్ణి నేనే అయ్యుంటాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే గోవింద్‌పూర్ నుంచి ఫోను వచ్చింది. అక్కడి కాలనీలో పెద్ద ఉద్యోగాల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్ళూ మనవాళ్ళే గానీ, మనం ‘ఏటి’ అంటే వాళ్ళు ‘ఏమిటి’ అంటారు, ఆ ఒక్క అక్షరం మధ్యలో పెద్ద గోడ ఉంటుంది. వాళ్ళు ప్రతి శ్రీరామనవమికి కాలనీ అంతా కలిసి భోజనాలు పెట్టుకునేవారు. దానికి వంటవాణ్ణి విశాఖపట్నం నుంచి రైలెక్కించి మరీ తెప్పించుకునేవారు, మా భాలుబాసాలో అందరూ ఇసుక ఉడకేసుకుని తింటున్నట్టు! ఆ వంట ఒక్కసారి తన చేతికి రావాలని అత్తకి ఎన్నేళ్ళ కోరికో. డబ్బు కోసం కాదు. “మన సేతి వంట ఆళ్ళ ఇస్తళ్ళో పడాల్రా, అప్పుడు నోరెత్తమను,” అనేది.

ఫోను చేసింది శారదగారు, నవమి భోజనాల పెత్తనం అంతా ఆవిడదే. వైజాగ్ నుంచి వాళ్ళ బావగారు వచ్చారట, ఆదివారం చుట్టాలందరికీ భోజనం పంపమంది. “మా బావగారు భోజనప్రియులు. ఆయనకి నచ్చితే ఈసారి నవమి సంగతి మీతోనే మాట్లాడతాను,” అంది.

ఆదివారం అత్త చీకటితో లేచింది. దప్పళం, చారు, బెల్లం పాయసం, మిగతా పొడి వంటకాలు. ఒలికే వంటలు మూడింటికీ జుగ్సలాయి బజారు నుంచి కొత్త స్టీలు క్యాన్లు తెప్పించింది, మూత బిగించి కొక్కెం వేసే రకం. ఒక్కో దాంట్లో పైన జానెడు ఖాళీ ఉంచి పోసి, క్యాన్ల చుట్టూ పాత చీర చుట్టి స్కూటీలో నా కాళ్ళ దగ్గర పెట్టింది.

“మెల్లగా ఎల్లరా నాయనా. ఈ ఒక్క పూట నా పరువు నీ కాళ్ళ కాడ పెడతన్నాను.”

“టెన్షన్ మత్ లో అత్తా,” అన్నాను.

ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అలాగే మెడ దాకా దించి కాస్త నొక్కి ఉంటే ఈ కథ ఇక్కడితో శుభంగా ముగిసేది.

బయల్దేరిన కాసేపటికే క్యాన్లలోంచి చప్పుడు మొదలైంది. గుంత వస్తే ‘బుళుక్’, బ్రేకు వేస్తే ‘తళుక్’. నాకు చెమటలు పట్టాయి. కొక్కెం వేసి ఉంది, చీర చుట్టి ఉంది, నిజానికి ఒలికే దారే లేదు. కానీ చప్పుడు వినగానే నాకు ఆ మహామంత్రం గుర్తొచ్చింది. ‘అత్త తొందరలో నింపడం మర్చిపోయింది! పాపం పెద్దదైపోతోంది!’ అని జాలిపడ్డాను. చూశారా, జాలి! ఎవరి మీదో చూశారా!

గోల్మురి దాటాక ఒక చాయ్ దుకాణం ముందు స్కూటీ ఆపాను. దుకాణం పక్కనే మంచినీళ్ళ కుళాయి. దప్పళం మూత తీసి, చెంబుతో నీళ్ళు పోయడం మొదలుపెట్టాను. చాయ్‌వాలా గరిటె ఆపి నావంక చూశాడు.

“అరే భాయ్, యే క్యా కర్ రహే హో?”

“నింపుతున్నాను. నిండా ఉంటే ఒలకదు. మా అత్త చెప్పిన రహస్యం,” అన్నాను హిందీలో, గొప్పగా.

అతను కాస్త ఆలోచించి, “మరి మీ అత్తే నింపి ఇవ్వొచ్చు కదా?” అని అడిగాడు.

దేవుడు మనిషికి ఒక్కోసారి చాయ్‌వాలా రూపంలో వచ్చి ఆఖరి అవకాశం ఇస్తాడు. నేను ఆ దేవుణ్ణి చూసి నవ్వాను. “భూల్ గయీ హోగీ,” అన్నాను. మర్చిపోయి ఉంటుందట!

దప్పళం అయ్యాక చారు నింపాను. పాయసం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా బుర్ర అడ్డం తిరిగింది. నేను మరీ అంత మూర్ఖుణ్ణి కాదండీ, పాయసంలో ఎవరైనా నీళ్ళు పోస్తారా? “భయ్యా, కాసిని పాలు ఉన్నాయా?” అని అడిగాను. పాలు అయిపోయాయి, కాచిన చాయ్ మాత్రం ఉందన్నాడు. గిన్నెలోకి తొంగి చూశాను. బెల్లం పాయసం ఏ రంగో అల్లం చాయ్ కూడా సరిగ్గా అదే రంగు. పెళ్ళి సంబంధాలైనా అంత చక్కగా కుదరవు. “పోసెయ్,” అన్నాను.

అతను పొయ్యలేదు. గిన్నె నా చేతికిచ్చి, ఈ పాపం నాకొద్దన్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. నేనే పోసుకున్నాను.

అక్కణ్ణుంచి గోవింద్‌పూర్ దాకా ఒక్క చప్పుడు లేదు. ట్రక్కుల మధ్య నుంచి దూరి వెళ్ళినా, గతుకుల్లో ఎగిరి పడినా క్యాన్లు మునుల్లా కూర్చున్నాయి. మెచ్చుకోవలసింది మెచ్చుకోవాలి, సిద్ధాంతం మాత్రం పనిచేసింది. శారదగారి గుమ్మంలో పాత చీర విప్పి చూపించాను. ఎక్కడా తడి మచ్చ లేదు.

“మేడమ్, ఒక్క చుక్క ఒలకలేదు, చూసుకోండి!”

“ఫరవాలేదే, మీ భాలుబాసావాళ్ళు శుభ్రంగానే తెచ్చారు,” అందావిడ, కుక్కపిల్ల చెప్పు కొరక్కుండా వదిలినందుకు మెచ్చుకున్నట్టు. నేను ఖాళీ క్యాన్లు తీసుకెళ్ళాలనే వంకతో వరండాలో కూర్చున్నాను. అసలు సంగతి ఏమిటంటే, లోపల అందరూ లొట్టలేస్తుంటే వినాలని నా ఆశ.

భోజనాల గది కిటికీ వరండాలోకే ఉంది. పొడి వంటకాలు నడిచినంతసేపు “బాగుంది, బాగుంది” అని వినిపించింది. ఆ తర్వాత బావగారి గొంతు.

“శారదా, చారు కాస్త పలచగా ఉందమ్మా.”

“అది చారు కాదు బావగారూ, దప్పళం.”

“ఓహో.” గరిటె గిన్నెకి తగిలిన చప్పుడు. “మరి ఇందాక ఆ గిన్నెలో ఇచ్చింది చెయ్యి కడుక్కోవడానికి కాదా?”

“అయ్యో, అది చారండీ!”

“నేను కడిగేసుకున్నానమ్మా.”

ఎవరో పొలమారినట్టు దగ్గారు. పాయసం వడ్డించారు. ఆయన మంచి మనిషి, ఏదో ఒకటి మెచ్చుకోవాలని గట్టి ప్రయత్నమే చేశాడు. “పాయసంలో అల్లం వెయ్యడం ఈ ఊరి అలవాటా?” అన్నాడు. ఇంకో గుక్క తాగి, “ఇందులో టీపొడి కూడా తగులుతోందే,” అన్నాడు.

అప్పుడు శారదగారి గొంతు లేచింది. “నేను ముందే అనుకున్నానండీ, ఈ బస్తీ వంటలు మనకి పడవని. ఎవరో తెగ పొగిడితే మోసపోయాను. నవమికి మామూలుగా వైజాగ్ నుంచే పిలిపిద్దాం. ఈవిడతో ఇంక మాట్లాడేదేముంది?”

ఇదీ అసలు ఘట్టం, జాగ్రత్తగా వినండి. ఆ క్షణంలో ఏ మాత్రం తెలివున్నవాడైనా ఏం చేస్తాడు? క్యాన్లు వదిలేసి, స్కూటీ తోసుకుంటూ మలుపు దాటాక స్టార్ట్ చేస్తాడు. నింద వంట మీద పడింది, తన మీద కాదు. నాకు ఆ తెలివి గోరంత ఉన్నా మా అత్త పని ఆ రోజుతో సరి. నా మూర్ఖత్వం ఎంత పరిపూర్ణమైందంటే, వాళ్ళు నా డెలివరీని మెచ్చుకోవడం లేదని నాకు కోపం వచ్చింది. నేరుగా భోజనాల గదిలోకి నడిచాను.

“మేడమ్, ఒలకలేదు కదా? మరి ఇంకేం కావాలి? పలచగా ఉంటే అది వంట తప్పు కాదండీ. నీళ్ళు నేనే పోశాను.”

గదిలో చేతులన్నీ విస్తళ్ళ మీద ఆగిపోయాయి.

“ఏ నీళ్ళు?” అంది శారదగారు.

“కుళాయి నీళ్ళండీ. మంచివే. పాయసంలో మాత్రం నీళ్ళు పొయ్యలేదు, చాయ్ పోశాను,” అన్నాను, ఆ వివేకానికి ప్రత్యేకంగా మార్కులు వేస్తారేమో అని.

“ఎందుకు?” అన్నాడు బావగారు, డాక్టరు రోగిని అడిగినంత మెల్లగా.

“నిండుకుండ తొణకదు కదండీ.”

ఆయన నన్ను తేరిపార చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలయ్యాయి. కళ్ళలో నీళ్ళు, నోట్లో ఎక్కిళ్ళు. ఎవరో ఆయనకి తాగమని నీళ్ళనుకుని చారు అందించారు. శారదగారు మాత్రం నవ్వలేదు. ఫోను తీసి, స్పీకర్ పెట్టి, అత్తకి మొత్తం చెప్పింది.

అవతల గరిటె కింద పడిన చప్పుడు వినిపించింది. నేను అప్పుడు మొదటిసారి భయపడ్డాను.

“అమ్మా,” అంది అత్త. “ఆ గుంటడు అక్కడున్నాడేటి?”

“ఉన్నాడండీ.”

“ఒరే అప్పలరాజా! ఆ మాట నేను కుండ గురించి సెప్పినానేట్రా? నీ గురించి సెప్పినాన్రా! నీ బుర్ర ఖాళీ, అందుకే నువ్వు ఎగిరెగిరి పడతన్నావు అని తిట్టినాన్రా సచ్చినోడా! తిడితే తిట్టని తెలవదేట్రా నీకు?”

గదిలో అంతమంది ముందు, ఒక సామెతకి అర్థం నాకు ఆ విధంగా బోధపడింది. సిగ్గు అంటే ఏమిటో కూడా ఆ పూటే తెలిసింది, రెండూ ఒక్క పాఠంలో అయిపోయాయి. నన్ను చూసి నవ్వినందుకు కాదు. ఫోనులో తిట్టు అయ్యాక అత్త అన్న మాటకి. “ఆళ్ళు మన సేతి వంట తిని ఉమ్మీసినారన్నమాట,” అంది, ఎవరితోనో కాదు, తనలో తను. చీకటితో లేచిన మనిషి. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

మరుక్షణంలో ఆ గొంతే గట్టిపడింది. “అమ్మా శారదమ్మా, విస్తళ్ళు ఎత్తకండి. పొయ్యి ఖాళీగా ఉంచండి. ఆటో ఎక్కి వత్తన్నాను.”

వచ్చింది. కూరముక్కలు, నానేసిన చింతపండు ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. శారదగారి వంటింట్లోకి వెళ్ళి, నావంక కన్నెత్తి కూడా చూడకుండా, కొంగు దోపి మళ్ళీ దప్పళం పెట్టింది. వాసన గదిలోకి వచ్చేసరికి చుట్టాలు తమంతట తామే మళ్ళీ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. బావగారు కలిపిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. మళ్ళీ చాపాడు. గరిటె గిన్నె అడుగుని గీరేదాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

“శారదా,” అన్నాడు చివరికి, “ఈ చెయ్యి ఊళ్ళో పెట్టుకుని మీరు వైజాగ్ దాకా రైలు టిక్కెట్లు కొంటున్నారా?”

శారదగారు అత్త దగ్గరికి వచ్చింది. “అప్పలనర్సమ్మగారూ, నవమికి మీరే రావాలి,” అంది. ఆ ‘గారు’ అనేది గోవింద్‌పూర్ నుంచి భాలుబాసాకి రావడం నేను వినడం అదే మొదలు.

“వత్తానమ్మా,” అంది అత్త. “గానీ వంట ఇక్కడే సేత్తాను. మోసుకొచ్చే పని ఎట్టకండి.”

నవమి రోజున కాలనీ అంతా అత్త చుట్టూ తిరిగింది. కూరలు తరిగేవాళ్ళు తరిగారు, పానకం కలిపేవాళ్ళు కలిపారు. ద్రవపదార్థం కనిపించినంత దూరంలో నేను ఉండకూడదని అత్త ఆజ్ఞ కాబట్టి, నాకు పందిరి బయట చెప్పుల కాపలా అప్పగించారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాను. భోజనం చేసి వచ్చిన ఒక పెద్దమనిషి చెప్పులు తొడుక్కుంటూ ఆప్యాయంగా అడిగాడు, “ఏం బాబూ, నువ్వేం చేస్తుంటావు?”

నేను పాలిటెక్నిక్ నుంచి మొదలుపెట్టబోయాను. వెనక నుంచి అత్త గొంతు వినిపించింది.

“ఖాళీగా ఉంటాడు బాబూ. అలాగే ఉండనీండి. నింపితే ఊరికి ముప్పు.”

కనుక పాఠక మహాశయులారా, మీరందరూ సాక్షిగా, రెండు చెంపలూ వాయించుకుని ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎవరి గిన్నె మూతా తియ్యను. పెద్దవాళ్ళు ఏ మాటన్నా ముందు చేతులు కట్టుకుని, “అమ్మా, ఇది సలహానా, తిట్టా?” అని అడుగుతాను. సలహా అని చెప్పినా సరే, తిట్టుగానే తీసుకుని అవతలికి పోతాను.